పలకల టీం చివరి ఏడు

1939 ఫిబ్రవరి 20

కర్నూలు నించి వచ్చినాము. చెరొక గోలు, సమానం అయింది. ఆఖర్లో నేను బంతి మీద పడినప్పుడు వాళ్ల ఫార్వర్డు బూటు నా మొహానికి తగిలింది. వాళ్లు బూట్లతో ఆడతారు, మేము వట్టి కాళ్లతో. ఆయన కావాలని తన్నలేదు. ఆట అయినంక వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు పాపం. బంతి మాత్రం నేను వదల్లేదు.

ఎడమ కన్ను వాచి మూసుకపోయింది. నా పెండ్లాం సుబ్బులు ఉప్పు మూట వెచ్చజేసి కాపడం పెడతా ఉంది. "గట్టిగా ఒత్తినానా?" అని మాటిమాటికీ అడుగుతుంది. లేదంటి.

ఫిబ్రవరి 28

వాపు తీసింది. ఎరుపు కూడా పోయింది. చూసేవాళ్లకు రెండు కండ్లూ ఒకటే. ఆ కంటికి కొంచెం మసకగా ఉంది. అదే సర్దుకుంటుంది.

మార్చి 5

మైదానానికి పోవద్దని, ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండమని ఏసురత్నమన్న చెప్పినాడు. ఊరికే కూర్చుంటే ఏమీ తోచడం లేదు. మా టీం సంగతి రాసి పెడతా. ఎవరూ రాసేటట్టు లేరు.

మా మార్కాపురం షావుకారు గోవిందయ్యగారికి పలకరాయి గనులు, పలకలు కోసే ఫ్యాక్టరీ ఉన్నాయి. ఒకసారి సరుకు పని మీద మద్రాసు పోయినప్పుడు ఎవరో ఆయనకు ఫుట్‌బాల్ ఆట చూపించినారంట. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో తోలు బంతి తెచ్చుకున్నాడు. ముందు ఫ్యాక్టరీ వాళ్లే పని దిగినంక ఆడేవాళ్లు. తర్వాత ఆయనకు కప్పు గెలవాలని కోరిక పుట్టింది. కంభం మిషను కాంపౌండు నించి ఏసురత్నమన్నను, గిద్దలూరు నించి మాలకొండయ్యను పిలిపించినాడు. ఇంకా అక్కడొకరు ఇక్కడొకరు. ఆటకే జీతం. పలక ముట్టుకోనక్కరలేదు. ఈ పక్క అట్లాంటిది ఎవరూ కని విని ఎరగరు. ఊళ్లో మమ్మల్ని పలకల టీం అంటారు. బంతిలో ఉండేది గాలే గదా, ఎగతాళికి గాలితిత్తి కొలువు అని కూడా అంటారు.

నేను చేరడం ఇట్ల. నాయన గొర్లను మైదానం పక్కగా తోలుకపోతా ఉంటి. బంతి వచ్చి మా పొట్టేలు మీద పడబోయింది. ఎగిరి ఒంటి చేత్తో పట్టినా. ఏసురత్నమన్న నడుచుకుంటా వచ్చి, "ఇంకోసారి పట్టు సూద్దాం" అన్నాడు. పొద్దు గూకేదాకా తంతానే ఉన్నాడు, పడతానే ఉన్నా. గొర్లు పోయి ఎవరిదో పెసరచేలో పడినాయి. నాయన తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాడు. తర్వాత జీతం సంగతి చెప్తే నమ్మలేదు. "తప్పిపోయిన గొర్రెను పట్టుకొస్తే ఎవడూ ఏమీ ఇయ్యడు. బంతిని పట్టుకుంటే ఇస్తారా?" అన్నాడు.

రాయడం చదవడం కూడా నాకు ఏసురత్నమన్నే నేర్పినాడు. ఆయన కుడి బ్యాకు, నేను గోల్ కీపరు. నా ముందర ఆయన వీపు కనపడితే నాకు ధైర్యం.

సుబ్బులు పిలుస్తుంది. మళ్లీ రాస్తా.

మార్చి 14

ప్రాక్టీసుకు పోయినా. మా మైదానంలో ఎక్కడ తవ్వినా పలకరాయి తుక్కే. నేను దూకి పడే చోట మాత్రం షావుకారు గుండ్లకమ్మ ఏటి ఇసుక తోలించి పోయించినాడు. మళ్లీ ఆ ఇసుక మీద నిలబడితే పానం లేచి వచ్చింది.

కొన్ని బంతులు నన్ను దాటి గోలులోకి పోయినాయి. ఎండ కండ్లలో కొడుతుంది.

మార్చి 19

బంతి లేసు కుట్టు సరిగ్గా లేదు. గాలిలో వంకర తిరుగుతుంది. మాలకొండయ్యకు చెప్పినా. ఆయన టీం కెప్టెను. బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, బాగనే ఉందే అన్నాడు.

మార్చి 27

కుడి కన్ను చేత్తో మూసుకొని గోడ దిక్కు చూసినా. గోడ లేదు.

మార్చి 28

నిన్న రాసింది కొట్టేద్దామనుకుంటి. నిద్ర లేచిన మొగాన చూస్తే ఎవరికైనా అట్లనే ఉంటుంది.

ఏప్రిల్ 10

చెన్నకేశవస్వామి తేరు. ఏటా తేరు నాడు మా మైదానంలో ఆట పెట్టి ఊరందరికీ చూపించడం షావుకారుకు సరదా. ఈసారి నంద్యాల వాళ్లు వచ్చినారు. మేము గెలిచినాము. జనం నన్ను ఎత్తుకున్నారు.

ఏసురత్నమన్న మాత్రం అస్సలు బాగా ఆడలేదు. కుడి బ్యాకు కుడి పక్క ఉండాల గదా. ఊరికే ఎడమకు ఉరుకుతాడు. ఆ పక్క బ్యాకు ఉండనే ఉన్నాడు, అయినా ఈయన పోయి మీద పడతాడు. కుడి పక్క ఖాళీ అయి దాంట్లోంచే వాళ్లు గోలు కొట్టినారు. రెండు సార్లు మా ఎడమ బ్యాకు, ఆయన గుద్దుకున్నారు. అన్న పిక్క వాచిపోయింది.

ఆట అయినంక అందరి ముందర మాలకొండయ్య అడిగినాడు. "నీ జాగా యాడ, నువ్వు ఉరికేది యాడికి? ఆ పక్క నీకు సుట్టాలేమన్నా ఉండారా?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. అన్న తల వంచుకొని కాళ్లు కడుక్కుంటా ఉన్నాడు.

ఆయనకు వయసు మీద పడతా ఉన్నట్టుంది. జాగా మరిచిపోతున్నాడు. ఒకప్పుడు ఎట్లాంటి ఆటగాడు.

ఏప్రిల్ 22

చెంబు తన్నేసినా. సుబ్బులు నా పక్కన ఎప్పుడు పెట్టిందో చూడలేదు. "కనపడేచోట పెట్టొద్దా?" అని గట్టిగా అరిచినా. ఎదురుగ్గానే పెట్టినా గదా అంది. వంగి నీళ్లు తుడిచింది.

మే 3

సుబ్బులు అడిగింది: "ఏంది, నన్ను సూడవు?"

"సూస్తానే ఉన్నా గదా" అంటి.

"యాడ సూస్తాన్నావు? అన్నం పెడితే మొగం ఆ పక్కకు తిప్పుకుంటావు. మాట్లాడితే తిప్పుకుంటావు."

ఆడోళ్లకు లేనిపోని అనుమానాలు.

చెప్పొచ్చు. చెప్తే ఆమె మా నాయనకు చెప్తుంది. నాయన ఏడ్చుకుంటా మైదానానికి వస్తాడు. షావుకారుకు తెలుస్తుంది. కన్ను మసకయినోడిని గోలులో ఎవడు నిలబెడతాడు? టీం పోతే నేను ఎవర్ని? ఈ ఎండలు తగ్గితే అదే నయమవుతుంది. అప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

మే 16

సుబ్బులు పుట్టింటికి బేస్తవారిపేట పోయింది. వాళ్లన్న కొండయ్య వచ్చి తోలుకపోయినాడు. వాళ్లమ్మకు బాగలేదంట. బండి ఎక్కేటప్పుడు నా దిక్కు చూసింది. ఏమన్నా అంటానేమో అని చూసినట్టుంది. "జాగ్రత్త" అంటి.

కొద్దిరోజుల్లో వచ్చేస్తుంది.

మే 30

రాలేదు. వాళ్లమ్మకు ఇంకా తగ్గలేదేమో.

జూన్ 11

ఏసురత్నమన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పుడు వచ్చినా అరుగు దాటి రాడు. నేనూ లోపలికి రమ్మనలేదు. గొల్లవీధిలో అద్దె ఇల్లు గదా, మిషను వాళ్లను లోపలికి రానిస్తే ఇంటాయన ఒప్పుకోడు. ఒప్పుకోడనే అనుకుంటున్నా, అడగలేదు.

"మరదలు ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"వస్తుందన్నా."

"పోయి తోలుకరాకూడదా?"

"వాళ్లమ్మకు బాగలేదు."

చానాసేపు కూర్చున్నాడు. ఏదో అడగాలని వచ్చినట్టు ఉంది. "ఒంట్లో బాగుందా?" అని మాత్రం అడిగి పోయినాడు.

జూన్ 25

రాలేదు.

జులై 17

గిద్దలూరులో ఆట. మాలకొండయ్య ఈసారి ఏసురత్నమన్నను ఆడనియ్యలేదు. జాగా తెలియనోడు నాకొద్దు అని గట్టిగా చెప్పినాడు. అన్న గట్టు మీద కూర్చొని చూసినాడు.

ఓడిపోయినాము. అట్ల ఇట్ల కాదు, తల ఎత్తుకోలేనట్టు ఓడిపోయినాము. ప్రతి గోలూ నా ఎడమ మూలలోంచే పోయింది. ఆ మూల బురద ఎక్కువ. వాన పడి ఉంది. కాలు నిలవలేదు.

తిరుగు రైలెక్కినాము. షావుకారు నా పక్కన కూర్చొని, "పోనీలే కాటమరాజూ, వాన ఏం చేస్తాం" అన్నాడు. అంత మంచి మాట అనకపోయినా బాగుండు.

జులై 18

కుడి మూలలో కూడా బురదే ఉంది.

ఆగస్టు 6

అన్నను మళ్లీ టీంలోకి తీసుకున్నారు. మళ్లీ ఎడమకే ఉరుకుతాడు. మాలకొండయ్య అరిచి అరిచి విసిగి ఊరుకున్నాడు. మా మీద గోలు మాత్రం ఒక్కటీ పడటం లేదు.

సెప్టెంబరు 5

యుద్ధం వచ్చిందంట. ఫ్యాక్టరీ దగ్గర అందరూ గుమిగూడి అదే మాట. తెల్లదొరల సీమలో వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే మార్కాపురంలో మనకేంది అన్నాడు ఒకాయన. మేము ప్రాక్టీసు చేసుకున్నాము.

అక్టోబరు 15

ఆదివారం. ప్రాక్టీసు అయిపోయినంక షావుకారు మైదానంలోకి వచ్చినాడు. ఎప్పుడూ గొడుగు పట్టుకొని గీత అవతలే నిలబడే మనిషి. మధ్యకు వచ్చి నిలబడినాడు. మేము చుట్టూ నిలబడినాము.

"నాయనలారా, ఓడలు నడవడం లేదు. బయట దేశాల సరుకంతా ఆగిపోయింది. గనిలో సగం మందిని నిలిపేస్తున్నా. బిడ్డల తల్లులు వచ్చి నా గడప దగ్గర కూర్చుంటున్నారు. వాళ్లను ఇంటికి పంపించి మిమ్మల్ని ఆడించలేను. నాకు మొగం చెల్లడం లేదు."

షావుకారు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసినాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఎడమ పక్కనించి వచ్చినాడు. చెయ్యి పడేదాకా తెలియక ఉలిక్కిపడినా.

"భయపడినావా?" అన్నాడు. ఆయన కండ్లల్లో నీళ్లు. నాకు అంత దగ్గరలో ఒక్క కంటితో కూడా అవి బాగా కనపడినాయి.

మొదటిసారి రాసినా. ఒక్క కంటితో అని.

అక్టోబరు 24

మాలకొండయ్య గిద్దలూరు వెళ్లిపోయినాడు. మిగతా వాళ్లు కూడా ఎవరి ఊరికి వాళ్లు.

నవంబరు 2

పొద్దున్నే మైదానానికి పోయి ఇసుక సరిచేసి వచ్చినా. యుద్ధం ఎన్నాళ్లు ఉంటుంది? అయిపోతే మళ్లీ ఆడాల గదా. గుంటలు పడితే మళ్లీ పూడ్చడం కష్టం.

నవంబరు 9

ఇసుక సరిచేసినా. ఎవరూ లేరు. మేకలు తొక్కినాయి.

నవంబరు 19

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాల.

ఇసుక సరిచేస్తుంటే ఏసురత్నమన్న వచ్చినాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. మొగం వెలిగిపోతుంది.

"హుబ్లీలో రైల్వే టీం వాళ్లు రమ్మన్నారు కాటమా. ఉద్యోగం, ఆట, రెండూ. వాళ్ల గోల్ కీపరు ముసిలోడయినాడంట. నీ పేరు చెప్పినా. ఇద్దరం కలిసి వస్తామన్నా. ఒకసారి ఆడి చూపించమన్నారు."

సరిచేసిన ఇసుకనే మళ్లీ పారతో సరిచేసినా. అన్న నా తడబాటు చూసి దగ్గరికి వచ్చి, మెల్లగా అన్నాడు.

"దానికి భయపడొద్దు. ఆడ కూడా నీ ఎడమ పక్క నేను సూసుకుంటా."

చేతిలో పార అట్లనే పట్టుకొని నిలబడినా.

"ఎప్పటి నించి తెలుసు?" అంటి.

"మార్చిలోనే. ప్రాక్టీసులో బంతి నీ చెవి పక్కగా పోయింది. నువ్వు తల తిప్పలేదు. చప్పుడు విని తిప్పినావు."

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని సూసినా. ఇంటికి వచ్చి గూడా కూర్చుంటి. నువ్వు చెప్పకపోతివి. చెప్పనోడిని ఎట్ల అడగాల?"

తేరు నాడు ఆయన పిక్క గుర్తొచ్చింది. కాళ్లు కడుక్కుంటా తల వంచుకున్న మనిషి గుర్తొచ్చినాడు. నేను నవ్వినా. అందరితో కలిసి నవ్వినా. ఇంటికి వచ్చి ఆయనకు వయసు మీద పడిందని రాసుకున్నా. ఆ నవ్వు ఆయనకు వినపడే ఉంటుంది.

ఇసుకలో కూలబడి ఏడ్చినా. అన్న పక్కన కూర్చున్నాడు. ఏడ్చింది చాలు అనలేదు.

కండ్లు తుడుచుకొని అంటి: "నేను రానన్నా."

"పిచ్చోడా. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు."

"నేను వస్తే నువ్వు మళ్లీ రెండు పక్కలా ఉరకాల. ఆడ మాలకొండయ్య ఉండడు, ఓర్చుకునేదానికి. ఇద్దరినీ తీసేస్తారు. నువ్వు నీ జాగాలో ఆడితే నీ అంత బ్యాకు ఈ జిల్లాలో లేడు. నీ ఆట నువ్వు ఆడుకో."

"నాకు ఒక్కడికీ పోబుద్ది కాదు కాటమా."

"నాకూ ఉండబుద్ది కాదు. అయినా పో."

లేచి ఇసుక దులుపుకున్నాము. గొల్లవీధి దాకా నాతో వచ్చినాడు. అరుగు దగ్గరికి రాగానే అలవాటుగా కూర్చోబోయినాడు. చెయ్యి పట్టుకొని, "లోపలికి రా అన్నా" అంటి. అన్న వీధి అటూ ఇటూ చూసినాడు. "రా" అంటి మళ్లీ. నేను వండిన కొర్రన్నం, పచ్చిపులుసు. ఉప్పు ఎక్కువయింది. ఇద్దరం తిన్నాము. ఎదురింటి రాములమ్మ తలుపు దగ్గర నిలబడి తినేదాకా చూసి పోయింది.

నవంబరు 23

ఇంటాయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. ఏళ్ల తరబడి అడగకుండానే భయపడింది ఇదే. అయిపోయింది. ఇంకేం లేదు.

నవంబరు 26

అన్నను రైలెక్కించినా. పోయే ముందు నన్ను పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకపోయినాడు. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, కంటి లోపల చెడిపోయింది, చూపు ఇంక రాదు అని చెప్పింది. ఆమె చెప్పక ముందు కూడా నాకు తెలుసు. అయినా బయట కానుగ చెట్టు కింద కాసేపు నిలబడాల్సి వచ్చింది. అన్న కూడా నిలబడినాడు.

రైలు కదిలినప్పుడు ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. మొగం దాచుకున్నాడు. స్టేషను నించి ఊళ్లోకి అంత దూరమూ ఒక్కడినే నడిచినా.

డిసెంబరు 12

పెద్దారవీడు. నాయన దగ్గర ఉన్నా. గొర్లు తోలుకపోతున్నా. నాయనకు కన్ను సంగతి చెప్పినా. ఏడుస్తాడనుకుంటి, ఏడవలేదు. నన్ను ఎదురుగ్గా నిలబెట్టి చానాసేపు చూసి, "ఎడమకు కొండ పెట్టుకొని తోలు. ఆ పక్క గొర్రె పోయేదానికి సందుండదు" అన్నాడు. అంతే.

డిసెంబరు 29

పగలంతా కొండ కింద. మాట్లాడే మనిషి లేడు. గొర్ల మెడల్లో గంటల చప్పుడు తప్ప ఏమీ లేదు. మైదానంలో గోలు కర్రల మధ్య నిలబడినప్పుడు కూడా ఒక్కడినే. కానీ ముందర ఒక వీపు ఉండేది.

సుబ్బులు గురించి రాయకూడదనుకుంటా. రాస్తున్నా.

1940 జనవరి 8

అన్నకు చెప్పలేదు. ఆయనకై ఆయన కనుక్కున్నాడు. నాయనకు ఇల్లు పోయినంక చెప్పినా. నా అంతట నేను, అవసరం పడకుండా, ఎవరికి చెప్పినా?

జనవరి 21

బేస్తవారిపేట వచ్చినా. కంభంలో రైలు దిగి నడిచినా. వచ్చేటప్పటికి మధ్యాన్నం అయింది.

అత్త రోశమ్మ వాకిట్లో కందులు చెరుగుతుంది. ఆమెకు ఏ రోగమూ లేదు. ఎప్పుడూ లేదేమో. కొండయ్య మేకల దొడ్డికి కంప నరుకుతున్నాడు. నన్ను చూసి కొడవలి ఆపినాడు గానీ రమ్మని అనలేదు.

సుబ్బులు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిక్కిపోయింది. నేను మొగం పక్కకు తిప్పినా, కుడి కంటితో చూద్దామని. ఆమె వెంటనే లోపలికి తిరగబోయింది.

"పోవాకు" అంటి. "నా ఎడమ కన్ను కనపడదు."

కొండయ్య లేచి నిలబడినాడు. అత్త చేతిలో చేట ఆగింది. వాళ్లిద్దరి ముందర చెప్పాలని రాలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఇంక ఆగలేదు.

"కర్నూలు ఆట కాడి నించి. నిన్ను కుడి కంటితో సూడాలంటే మొగం తిప్పాల. నువ్వు ఇష్టం లేక కాదు."

సుబ్బులు గుమ్మం పట్టుకొని అట్లనే నిలబడింది.

"నాకు బిడ్డలు కలగలేదని" అంది. మళ్లీ అంది. "నాకు బిడ్డలు కలగలేదని నా మొగం సూడబుద్ది కాలేదనుకుంటి. ఇన్ని నెలలూ అదే అనుకుంటి."

ఇట్లాంటిది ఆమె అనుకుంటుందని నాకు కలలో కూడా తోచలేదు. నేను దాచిపెట్టింది నా ఒక్కడి దగ్గరే ఉందనుకుంటి.

"ఏసురత్నమన్నకు తెలుసా?"

"తెలుసు."

"నాకు మాత్రం చెప్పలేదు."

తల వంచుకుంటి. ఆమె లోపలికి పోయింది. నేను వాకిట్లోనే నిలబడినా. పోవాల్నో ఉండాల్నో తెలియలేదు. అత్త కందులు పక్కన పెట్టి, కొంగుతో కండ్లు తుడుచుకొని, "నిలబడినావేంది నాయనా, కాళ్లు కడుక్కో" అంది.

సుబ్బులు అన్నం తెచ్చి పెట్టింది. పెట్టి, కొంచెం నిలబడి ఆలోచించింది. తర్వాత ఇటు తిరిగి వచ్చి నా కుడి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు కనపడతాన్నానా?"

"కనపడతాన్నావు."

"నాకు కోపం పోలేదు."

"పోవద్దులే."

"నీతో ఇప్పుడే రాను."

"నేను ఉంటా."

"గొర్లను ఎవరు సూస్తారు?"

"నాయన ఉన్నాడు."

పప్పు ఇంకొంచెం వేసింది. పొద్దు గూకే లోపల కొండయ్యతో కలిసి దొడ్డి చుట్టూ కంప కట్టినా. ఎడమ చేతికి ముల్లు దిగింది. చూసుకోలేదు.

జనవరి 23

ముల్లు సుబ్బులు తీసింది. కోపం ఇంకా పోలేదు. బేస్తవారిపేటలోనే ఉన్నా.